నాడుల భాషలో నానార్థాలు

కనకాలపేట గోదావరి డెల్టాలోని ఒక గ్రామం. అది యానాం ప్రాంతానికి చెందినది. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ భూభాగమే ఉన్నా, దాని పరిపాలన మాత్రం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానిది. పుదుచ్చేరి పట్టణం అక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 1954 వరకు యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండడం వల్ల ఈ ఏర్పాటు వచ్చింది. ఏలినవారు ఎవరైనా అక్కడి ప్రజల భాష తెలుగే.

ఊరి పేరులో వినిపించే ‘కనకం’ అనే మాటకు బంగారం అని అర్థం. నిఘంటువు తెరిచి చూస్తే అదే మాటకు ఉమ్మెత్త అనే అర్థం కూడా కనిపిస్తుంది. మొదటిది పెట్టెలో దాచుకొనే సొత్తు. రెండోది దిబ్బల మీద, గట్ల వెంట మొలిచే విషపు మొక్క. మాట ఒకటే అయినా, అది చేరిన వాక్యాన్ని బట్టి అర్థం మారుతుంది. ‘కనకపు గొలుసు’ అంటే ఉమ్మెత్త పూలదండ అని ఎవరూ అనుకోరు. ఒకే మాటకు గల వేరువేరు అర్థాలను నానార్థాలు అంటారు. పసిడి, పైడి, పుత్తడి, బంగారం వంటి వేరువేరు మాటలు ఒకే అర్థాన్ని ఇస్తే వాటిని పర్యాయపదాలు అంటారు.

మన శరీరంలోని నాడులు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అవి రసాయనాలతో మాట్లాడతాయి. విచిత్రమేమంటే ఆ భాషలోనూ నానార్థాలు ఉన్నాయి, పర్యాయపదాలూ ఉన్నాయి. పొగాకు అలవాటు ఒక పట్టాన ఎందుకు వదలదు? ఉమ్మెత్త గింజలు తిన్నవాడికి మతి ఎందుకు చెడుతుంది? ఆ మొక్కలో ఉండే పదార్థమే పురుగుమందు విషమెక్కిన రైతును ఎలా బతికిస్తుంది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు నాడుల భాషలోనే దొరుకుతుంది.

శరీరంలో నాడీకణాలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. ఒక కణం లోపల వార్త విద్యుత్తు రూపంలో పరుగెత్తుతుంది. కాని చాలాచోట్ల ఒక కణం కొస రెండో కణాన్ని తాకదు. రెండింటికీ నడుమ సన్నని సందు ఉంటుంది. ఒక మిల్లీమీటరును 50 వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత వెడల్పు ఉంటుంది. ఈ సందును నాడీసంధి అంటారు. యానాం, ఎదుర్లంకల మధ్య గోదావరి మీద వంతెన లేని రోజుల్లో జనం పంటు ఎక్కి ఏరు దాటేవారు. నాడీసంధి దగ్గర కూడా అంతే. అంతవరకు విద్యుత్తుగా వచ్చిన వార్త అక్కడ ఆగి, ఒక రసాయనం రూపంలో అవతలి ఒడ్డుకు చేరుతుంది. వార్తను మోసే ఈ రసాయనాలకు నాడీప్రసారకాలు అని పేరు.

ఈ సంగతి 1921లో స్పష్టమయింది. ఆస్ట్రియా దేశంలో ఓటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్ప గుండెలను ఉప్పునీటిలో ఉంచి ఆడేటట్లు చేశాడు. మొదటి గుండెకు ఉన్న నాడిని విద్యుత్తుతో ప్రేరేపించగా అది నెమ్మదిగా కొట్టుకోసాగింది. తరువాత ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. దాని నాడిని ఎవరూ తాకలేదు. అయినా రెండో గుండె కూడా నెమ్మదించింది. అంటే నాడి కొస నుంచి ఏదో పదార్థం ద్రవంలోకి వచ్చిందన్నమాట. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. ఈ కృషికి లోవీకి, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి లభించింది.

వార్త అవతలి ఒడ్డు చేరితే చాలదు. దానిని అందుకొనేవారు ఉండాలి. రెండో కణం పైపొరలో మాంసకృత్తులతో తయారైన గ్రాహకాలు ఉంటాయి. ఇవి తాళంకప్పల వంటివి. నాడీప్రసారకం తాళంచెవి వంటిది. చెవి కప్పలో పట్టి, తిరిగితే కణం పని మొదలు పెడుతుంది, లేదా మానేస్తుంది. ఇటువంటి గ్రాహక పదార్థం ఒకటి ఉండితీరాలని కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ అనే శాస్త్రజ్ఞుడు 1905లోనే చెప్పాడు. ఆయన నాడితో సంబంధం తెగిపోయిన కండరం మీద పొగాకులోని నికోటిన్‌ను వేసి చూశాడు. కండరం ముడుచుకొంది. నాడి లేకపోయినా కండరం జవాబు చెప్పిందంటే, ఆ మందును పట్టుకొనేది కండరం మీదనే ఉండాలని ఆయన ఊహించాడు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. నికోటిన్ పొగాకు మొక్క తన ఆకును తినే పురుగుల నుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకొన్న పదార్థం. అది మన నాడుల్లో పుట్టే రసాయనం కాదు. అయినా మన కండరం మీది తాళంకప్పలో ఎలా పట్టింది? తాళంకప్ప చెవి ఎవరిదో అడగదు. ఆకారం సరిపోయిందా, అంచుల దగ్గర ఉండే విద్యుదావేశం కుదిరిందా అన్నదే దానికి ముఖ్యం. ఎసిటైల్‌కోలిన్ అణువులోని ఒక భాగాన్ని పోలిన భాగం నికోటిన్‌లో ఉంది. అందుచేత ఒకదాని స్థానంలో మరొకటి పట్టుతుంది. నాడుల భాషలో ఇవి పర్యాయపదాలు.

ఎసిటైల్‌కోలిన్‌కు నానార్థాలు కూడా ఉన్నాయి. చేతి కండరానికి ఆ రసాయనం అందితే ‘ముడుచుకో’ అని అర్థం. గుండెకు అందితే ‘నెమ్మదించు’ అని అర్థం. నోటిలోని గ్రంథులకు ‘లాలాజలం ఊరించు’ అని అర్థం. కంటిపాపకు ‘చిన్నబడు’ అని అర్థం. దీనికి కారణం దాని తాళంకప్పలు రెండు తెగలు కావడమే. 1914లో హెన్రీ డేల్ ఈ భేదాన్ని గుర్తించాడు. కండరాల మీద, కొన్ని నాడుల కూడళ్ళలో ఉన్న తెగను నికోటిన్ కూడా తెరుస్తుంది. కనుక దానికి నికోటిన్ తెగ అని పేరు వచ్చింది. గుండె, గ్రంథులు, కంటిపాప, పేగుల దగ్గర ఉన్న తెగను మస్కరిన్ అనే పుట్టగొడుగు విషం తెరుస్తుంది. అది మస్కరిన్ తెగ అయింది. సొంత చెవి ఒకటే అయినా రెండు కప్పలూ పరాయి చెవుల పేర్లతోనే ప్రసిద్ధికెక్కాయి.

నికోటిన్ అనే పేరు ఫ్రెంచివారిదే. పదహారవ శతాబ్దంలో పోర్చుగల్‌లో ఫ్రాన్సు రాయబారిగా ఉన్న జాన్ నికో తమ రాజాస్థానానికి పొగాకును పంపాడు. ఆయన పేరే మొక్కకు, దానిలోని విషానికి వచ్చింది. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు, దానితో చుట్టే చుట్టలు తెలుగునాట ప్రసిద్ధం. 1947లో పొగాకు పరిశోధనకు కేంద్ర సంస్థను కూడా రాజమండ్రిలోనే స్థాపించారు. చుట్ట తాగేవారి మెదడులో నికోటిన్ తెగ గ్రాహకాలు పదేపదే తెరుచుకొంటాయి. ఆ తాకిడికి డోపమిన్ అనే మరొక నాడీప్రసారకం విడుదలై హాయి కలుగుతుంది. కాలక్రమాన మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకొంటుంది. పొగ అందనినాడు అవన్నీ ఖాళీగా ఉండి చిరాకు, అశాంతి పుట్టిస్తాయి. అలవాటు మానలేకపోవడం మనసు బలహీనత మాత్రమే కాదు. పరాయి చెవికి తాళంకప్పలు అలవాటుపడడం కూడా. అందుకే మానదలచినవారికి మందలింపుతోపాటు వైద్య సహాయం కూడా కావాలి.

తాంబూలంలోని వక్క సంగతీ ఇటువంటిదే. వక్కలో ఉండే అరెకోలిన్ ముఖ్యంగా మస్కరిన్ తెగను తెరుస్తుంది. వక్క నమిలినప్పుడు నోట నీరు ఊరడానికి, కొందరికి చెమట పట్టడానికి ఇది ఒక కారణం. పొగాకు కలపకపోయినా వక్క నమలడం వల్ల నోటి కాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది.

చెవి కప్పలో పట్టినంత మాత్రాన తిరగాలని లేదు. కొన్ని పట్టి, తిరగక, అక్కడే ఇరుక్కొనిపోతాయి. అప్పుడు అసలు చెవికి చోటుండదు. ఉమ్మెత్త చేసే పని ఇదే. దానిలోని ఎట్రోపిన్, స్కోపలమిన్ వంటి పదార్థాలు మస్కరిన్ తెగ కప్పలను మూసివేస్తాయి. నెమ్మదించమనే మాట అందక గుండె వేగంగా కొట్టుకొంటుంది. లాలాజలం ఊరక నోరు ఎండిపోతుంది. చెమట పట్టక ఒళ్ళు కాలిపోతుంది. కంటిపాపలు పెద్దవై చూపు మసకబారుతుంది. మెదడులోనూ ఇదే జరగడం వల్ల లేనివి కనిపిస్తాయి, సంధి మాటలు వస్తాయి. కొందరు ప్రాణాలు కోల్పోతారు. ‘ఉన్మత్త’ అనే సంస్కృత పదమే తెలుగులో ‘ఉమ్మెత్త’ అయింది. ఉన్మత్తుడు అంటే పిచ్చివాడు. మొక్క గుణాన్ని గమనించిన పూర్వులు దాని పేరులోనే హెచ్చరిక ఉంచారు.

ఆ పూర్వులే ఉమ్మెత్తను మందుగా కూడా వాడారు. ఆయుర్వేదంలో ఉబ్బసానికి వాడే కనకాసవంలోని ‘కనకం’ ఉమ్మెత్తే. మస్కరిన్ తెగ గ్రాహకాలు తెరుచుకొంటే ఊపిరి గొట్టాలు బిగుసుకొంటాయి. వాటిని మూస్తే గొట్టాలు వదులై గాలి ఆడుతుంది. ఎట్రోపిన్‌కు చిన్న మార్పులు చేసి తయారుచేసిన మందులను నేటి వైద్యులు పీల్చే పద్ధతిలో ఇస్తున్నారు.

నికోటిన్ తెగ కప్పలను మూసే విషాలు కొన్ని పాములలో ఉన్నాయి. వాటి కథలో తెలుగు మాట ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి, తీరప్రాంతపు పాములను సేకరించి 1796లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. స్థానికులు చెప్పిన పేర్లను అందులో రాసుకొన్నాడు. పసుపు, నలుపు పట్టీలున్న పాముకు ఆయన విన్న పేరు ‘బంగారు పాము’. ఆ మాట నుంచే కట్లపాముల జాతికి శాస్త్రంలో ‘బంగారస్’ అనే పేరు స్థిరపడింది. 1963లో తైవాన్ శాస్త్రజ్ఞులు ఆ జాతికి చెందిన ఒక పాము విషం నుంచి వేరుచేసిన పదార్థానికి ‘ఆల్ఫా బంగారోటాక్సిన్’ అని పేరు పెట్టారు. అది కండరం మీది నికోటిన్ తెగ గ్రాహకాన్ని పట్టుకొంటే దాదాపు వదలదు. ఆ పట్టును ఉపయోగించుకొని 1970లో పారిస్‌లో జాన్ పియర్ షాంజూ, ఆయన సహచరులు విద్యుత్తు పుట్టించే ఒక చేప శరీరం నుంచి ఆ గ్రాహకాన్ని గుర్తించారు. 65 ఏళ్ళ క్రితం లాంగ్లీ ఊహించిన తాళంకప్ప అలా చేతికి చిక్కింది. దానిని చూపించిన విషం పేరులో తెలుగువారి బంగారం ఉంది.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. నేలమీద పడుకొన్నవారిని అది రాత్రివేళ కరుస్తుంది. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, మింగుడుపడదు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. నాడి నుంచి కండరానికి వార్త చేరకపోవడమే దీనికి కారణం. మంత్రాలు, పసర్లతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చితే విషం విరుగుడు మందుతో, కృత్రిమ శ్వాసతో కాపాడవచ్చు.

ఇంతవరకు చెప్పినవి బయటి నుంచి వచ్చిన చెవులు. శరీరంలో పుట్టే నాడీప్రసారకాలే ఒకదాని కప్పను మరొకటి తెరవడం కూడా ఉంది. డోపమిన్, నోర్‌ఎడ్రినలిన్, ఎడ్రినలిన్ ఒకే ఇంటి బిడ్డలు. ఆహారంలో దొరికే టైరోసిన్ అనే పదార్థం నుంచి ఎల్‌డోపా, దాని నుంచి డోపమిన్, డోపమిన్ నుంచి నోర్‌ఎడ్రినలిన్, దాని నుంచి ఎడ్రినలిన్ తయారవుతాయి. ఒక్కొక్క మెట్టులో అణువుకు జరిగే మార్పు చాలా చిన్నది. అన్నదమ్ములలో ఒకరి చొక్కా మరొకరికి కొంచెం బిగువుగానో వదులుగానో పట్టినట్లు, ఒకరి కప్పలో మరొకరి చెవి పట్టుతుంది.

1948లో అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ ఈ కుటుంబపు గ్రాహకాలను ఆల్ఫా, బీటా అని రెండుగా విభజించాడు. ఆల్ఫా తెరుచుకొంటే రక్తనాళాలు ముడుచుకొంటాయి. బీటాలో మొదటి రకం గుండెను పరుగెత్తిస్తుంది. రెండో రకం ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. ఎడ్రినలిన్ వీటన్నిటినీ తెరవగలదు. నోర్‌ఎడ్రినలిన్ ఆల్ఫాను, బీటా మొదటి రకాన్ని బాగా తెరుస్తుంది కాని బీటా రెండో రకం దగ్గర బలహీనం. డోపమిన్‌కు వేరే కప్పలున్నాయి. అయినా మోతాదు పెరిగేకొద్దీ అది తోబుట్టువుల కప్పలను కూడా తెరుస్తుంది.

రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయిన రోగికి డోపమిన్‌ను సెలైన్‌తోపాటు బొట్లు బొట్లుగా ఎక్కించేటప్పుడు ఈ సంగతి కళ్ళకు కడుతుంది. కొద్ది మోతాదులో అది తన సొంత గ్రాహకాలకే పరిమితమవుతుంది. మోతాదు పెంచితే బీటా గ్రాహకాలు తెరుచుకొని గుండె వేగం పెరుగుతుంది. ఇంకా పెంచితే ఆల్ఫా గ్రాహకాలు తెరుచుకొని రక్తనాళాలు బిగుసుకొంటాయి. మందు మారలేదు, మోతాదు మాత్రమే మారింది. అయినా మూడు వేరువేరు మందులు ఇచ్చినట్లుంటుంది. ఇటువంటి రోగులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2010లో వెలువడింది. డోపమిన్ ఇచ్చినవారిలో గుండె లయ తప్పడం ఎక్కువని అందులో తేలింది. ఈనాడు వైద్యులు చాలా సందర్భాల్లో నోర్‌ఎడ్రినలిన్‌నే ముందుగా ఎంచుకొంటున్నారు.

ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్‌ను బీటా రెండో రకానికి సరిపోయేటట్లు తయారుచేశారు. అయినా ఎక్కువసార్లు పీలిస్తే గుండె దడదడలాడుతుంది. గుండె జబ్బుకు, రక్తపోటుకు ఇచ్చే ప్రొప్రనలాల్ గుండెలోని బీటా కప్పలను మూయడానికి ఉద్దేశించినది. అది ఊపిరి గొట్టాలలోని బీటా కప్పలను కూడా మూసివేస్తుంది. అందుచేత ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదం. ఒకరి మందు మరొకరు వాడరాదని పెద్దలు చెప్పడంలో ఇంత శాస్త్రం ఉంది.

ఈ కుటుంబంలోని ఎల్‌డోపా మొక్కల్లో కూడా దొరుకుతుంది. తాకితే దురద పుట్టించే దూలగొండి కాయల గింజల్లో అది ఉందని మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి 1937లో నిరూపించారు. డోపమిన్ కొరతతో చేతులు వణికే పార్కిన్‌సన్ వ్యాధికి నేటికీ ముఖ్యమైన మందు ఎల్‌డోపాయే. డోపమిన్‌ను నేరుగా ఇస్తే అది మెదడులోకి చేరలేదు. ఎల్‌డోపా చేరి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది.

ఇన్ని పోలికలున్నా ఆరోగ్యంగా ఉన్న శరీరంలో గందరగోళం ఎందుకు ఉండదు? దీనికి మూడు కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది చోటు: నాడీప్రసారకం తన కప్పలకు ఎదురుగానే విడుదలవుతుంది. రెండోది కొలత: పనికి తగినంతే విడుదలవుతుంది. మూడోది శుభ్రత: పని ముగియగానే ఆ రసాయనాన్ని ముక్కలు చేయడమో, వెనక్కి తీసుకోవడమో జరుగుతుంది.

శుభ్రం చేయడంలో కూడా ఒక్కొక్కప్పుడు కొత్త అర్థం పుడుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాల నుంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. కణాలకు శక్తినిచ్చే ఈ ఏటీపీ నాడీప్రసారకంగా కూడా పనిచేస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ప్రతిపాదించాడు. మొదట చాలామంది నమ్మలేదు. 1990లలో దాని గ్రాహకాల నిర్మాణం తెలియడంతో నమ్మక తప్పలేదు. ఏటీపీని ముక్కలు చేస్తే చివరకు అడినోసిన్ మిగులుతుంది. దానికి వేరే గ్రాహకాలున్నాయి. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పెరుగుతూ నిద్ర ముంచుకొని వస్తుంది. టీ, కాఫీలలోని కెఫిన్ ఆ గ్రాహకాలలో పట్టి, తిరగకుండా ఉండిపోతుంది. పరీక్షల ముందు టీ తాగితే అలసట తీరదు. అలసట కబురు మాత్రమే అందకుండా పోతుంది.

శుభ్రత తప్పితే ఏమవుతుందో పురుగుమందుల వల్ల తెలుస్తుంది. ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసే ఎంజైము ఒకటుంది. దాని ఒక్క అణువు సెకనుకు కొన్ని వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విరవగలదు. పొలాల్లో చల్లే ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు ఈ ఎంజైమును పనిచేయకుండా చేస్తాయి. పురుగును చంపేది ఇదే, మనిషికి ముప్పు తెచ్చేదీ ఇదే. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ పేరుకొనిపోయి రెండు తెగల కప్పలనూ విడవకుండా తెరిచి ఉంచుతుంది. నోట నురగ, కన్నీరు, చెమట కారతాయి. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. కండరాలు అదిరి అదిరి చివరకు చచ్చుబడతాయి. 1997 నుంచి 2002 వరకు ఆరేళ్ళలో వరంగల్లు ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందుల విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో ప్రతి వందమందికి 22 మందికి పైగా చనిపోయారు.

ఈ లక్షణాలను ఉమ్మెత్త లక్షణాలతో పోల్చి చూస్తే ఒకదానికొకటి నేరుగా వ్యతిరేకమని తెలుస్తుంది. అక్కడ నోరు ఎండుతుంది, ఇక్కడ ఊరుతుంది. అక్కడ కంటిపాప పెద్దదవుతుంది, ఇక్కడ చిన్నదవుతుంది. అందుకే ఆర్గనోఫాస్ఫేట్ విషానికి వైద్యులు ఇచ్చే మొదటి మందు ఎట్రోపిన్. అది మస్కరిన్ తెగ కప్పలను మూసి, ఊపిరితిత్తులు ఆరేవరకు రోగిని నిలబెడుతుంది. కాని నికోటిన్ తెగ మీద దానికి అధికారం లేదు. చచ్చుబడిన శ్వాస కండరాలను అది కదిలించలేదు. అందుచేత చాలామందికి కృత్రిమ శ్వాస యంత్రం కూడా అవసరమవుతుంది. ఒక చెవికి రెండు తెగల కప్పలున్నాయని డేల్ 1914లో గుర్తించిన విషయం ఈనాడు ఆసుపత్రి మంచం దగ్గర ప్రాణం నిలిపే తెలివి అయింది.

అలాగని విషమెక్కినవాడికి ఇంటి దగ్గర ఉమ్మెత్త పసరు పోయడం ప్రాణాంతకం. ఒక మొక్కలో ఉన్నంత విషం మరొక మొక్కలో ఉండదు. ఆకులో ఉన్నంతే గింజలో ఉండదు. ఆసుపత్రిలో ఎట్రోపిన్‌ను కొలిచి ఇస్తారు. నాడిని, ఊపిరిని చూస్తూ నిమిషనిమిషానికి మోతాదు మారుస్తారు. మందుకు, విషానికి మధ్య ఉన్న గట్టు ఆ కొలతే. మితిమీరితే అమృతం కూడా విషమని పెద్దలన్న మాట నాడుల విషయంలో అక్షరాలా నిజం.

కనకాలపేట వంటి డెల్టా గ్రామాల్లో ఉమ్మెత్త, వక్క, చుట్ట, టీ, పురుగుమందు డబ్బా అన్నీ పిల్లల చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి. ప్రతి ఒక్కటీ నాడుల భాషలో ఏదో ఒక మాట పలకగలదు. ఉమ్మెత్త కాయలతో ఆడరాదు. పురుగుమందును నీళ్ళసీసాల్లో పోసి ఉంచరాదు. మందు చల్లేవారు గాలికి ఎదురుగా నిలబడరాదు, ఒళ్ళు కప్పుకోవాలి, పని ముగియగానే సబ్బుతో కడుక్కోవాలి. నేలమీద పడుకొనేవారు దోమతెర కట్టుకొని అంచులను పక్క కిందికి దోపుకోవాలి. మాటకు అర్థం తప్పుగా తీసుకొంటే నలుగురూ నవ్వుతారు, సరిదిద్దుకోవచ్చు. నాడులు తప్పర్థం తీసుకొంటే సరిదిద్దడానికి ఉండే సమయం చాలా తక్కువ.

పదాలు – అర్థాలు

నాడీసంధి : రెండు నాడీకణాల నడుమ ఉండే సన్నని సందు
నాడీప్రసారకం : నాడి నుంచి వార్తను మోసే రసాయనం
గ్రాహకం : వార్తను అందుకొనే మాంసకృత్తు
పంటు : మనుషులను, బళ్ళను ఏరు దాటించే వెడల్పాటి పడవ
సంధి మాటలు : జ్వరంలోనో విషంవల్లనో వచ్చే పొంతనలేని మాటలు
విరుగుడు : విషాన్ని హరించేది

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు ఐదు వాక్యాల్లో జవాబులు రాయండి.
1. ఓటో లోవీ చేసిన కప్ప గుండెల ప్రయోగాన్ని వివరించండి.
2. డోపమిన్ మోతాదు పెరిగేకొద్దీ దాని పని ఎందుకు మారుతుంది?
3. ఆర్గనోఫాస్ఫేట్ విషానికి ఎట్రోపిన్ ఎలా పనిచేస్తుంది? అది ఒక్కటే ఎందుకు చాలదు?

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్క వాక్యంలో జవాబులు రాయండి.
1. ‘బంగారస్’ అనే శాస్త్రీయ నామానికి మూలమైన తెలుగు మాట ఏది?
2. దూలగొండి గింజల్లో ఉన్న పదార్థం ఏది?
3. కెఫిన్ ఏ పదార్థపు గ్రాహకాలలో పట్టుతుంది?

III. ప్రకృతి – వికృతులను గమనించండి. వికృతి పదాలతో సొంతవాక్యాలు రాయండి.
ఉన్మత్తము – ఉమ్మెత్త, విషము – విసము, వైద్యుడు – వెజ్జు, హృదయము – ఎద

IV. ‘కనకం’, ‘సంధి’, ‘నాడి’ అనే పదాలకు నానార్థాలు నిఘంటువులో చూసి రాయండి.

V. మీ ఊళ్ళో పురుగుమందులను ఎక్కడ ఉంచుతున్నారో, చల్లేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకొంటున్నారో పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.